గేటు దగ్గర ఆగిపోయే దారి

హైదరాబాద్‌లోని ఉప్పల్ రింగురోడ్డు మీద 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచారు. రామంతాపూర్ వైపు నుంచి వచ్చినా, నాగోలు వైపు నుంచి వచ్చినా, వరంగల్ బస్సు దిగినా, ఆ ట్రాఫిక్‌లో పడి రోడ్డు దాటే పని లేకుండా పైనుంచే మెట్రో స్టేషన్‌లోకి వెళ్ళిపోవచ్చు. మెట్లతో పాటు ఎస్కలేటర్లు, లిఫ్టులు కూడా పెట్టారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి లిఫ్టులో స్కైవాక్ ఎక్కి, స్టేషన్ లిఫ్టులో ప్లాట్‌ఫారం చేరి, రైల్లో అమీర్‌పేట దాకా పోయి రావచ్చు. ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు.

అదే మనిషి నాచారంలో ఇంటికి తిరిగొచ్చి గేటు తీస్తే ఎదురుగా మూడు మెట్లుంటాయి. వాటి పైన గడప. లోపల రెండున్నర అడుగుల బాత్రూం తలుపు. ఆ తలుపు దాటగానే అంగుళమో, అంగుళమున్నరో దిగుడు. ఊరంతా తిరిగొచ్చిన కుర్చీ సొంత ఇంట్లోకి పోలేదు.

ఈ అడ్డంకులు ఎవరూ కావాలని కట్టినవి కావు. ఇల్లు కట్టేనాటికి యజమానికి ముప్పై అయిదేళ్ళో, నలభయ్యో ఉంటాయి. మెట్టు ఎత్తు, తలుపు వెడల్పు, నేల నునుపు ఆ వయసు శరీరానికి సరిపోతే చాలనుకుంటాం. స్లాబు మాత్రం యాభై ఏళ్ళు నిలుస్తుంది. ఆ యాభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఒకరు నిండు నెలలతో మెట్లెక్కుతారు. ఒకరు పాకుతారు. ఒకరి కాలు విరిగి కట్టు పడుతుంది. ఒకరికి మోకాళ్ళు అరుగుతాయి, ఒకరికి పక్షవాతం వస్తుంది, ఒకరికి చూపు మసకబారుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు, అరవై దాటినవారు 10 కోట్లకు పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రతి ఆరుగురిలో ఒకరు చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారు. ఈ లెక్కల్లో మనం ఈరోజు లేకపోవచ్చు. ఆయుష్షు ఉంటే ఏదో ఒకరోజు చేరతాం. కాబట్టి ఇంటిని కొలవాల్సింది ఒక వయసు మనిషితో కాదు, ఒక జీవితకాలంతో.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ ప్రాంతాలకు ఈ మాట ఇప్పుడు మరీ అవసరం. ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థలు, ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు ఈ వైపు ఉద్యోగుల్ని, కార్మికుల్ని తెచ్చి నిలిపాయి. నూట యాభై, రెండు వందల గజాల ప్లాట్లు కొని, అప్పు చేసి, ఒక్కో గదీ పెంచుకుంటూ ఇళ్ళు కట్టుకున్న తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. ఆ ఇళ్ళు కూడా పాతబడ్డాయి. వీధికి రెండు మూడైనా డెవలప్‌మెంట్‌కు పోతున్నాయి. కూల్చి మళ్ళీ కట్టే ఈ సమయంలో కొలతలు మార్చకపోతే, వచ్చే యాభై ఏళ్ళకూ అవే మెట్లు, అవే తలుపులు.

మూడు మెట్లు, పద్దెనిమిది అడుగులు

పునాది లేవగానే మేస్త్రీ చెప్పే మొదటి మాట, బేస్‌మెంటు ఇంకో అడుగు లేపుదామని. అందులో న్యాయం ఉంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతుంటే ఒకనాడు రోడ్డుకు పైనున్న ఇల్లు ఇరవై ఏళ్ళకు రోడ్డుకు కిందికి వస్తుంది. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు నమోదైంది. రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ రాత్రి చూసినవాళ్ళెవరూ బేస్‌మెంటు తగ్గించమంటే ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

బేస్‌మెంటు అడుగున్నర ఎత్తు అనుకుందాం. ఆరేసి అంగుళాల మెట్లు మూడు. అదే ఎత్తును చక్రాల కుర్చీ ఎక్కాలంటే ఎంత జాగా కావాలి? జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 చెప్పే వాలు పన్నెండుకు ఒకటి: ఒక అంగుళం లేవడానికి పన్నెండు అంగుళాల పొడవు. పద్దెనిమిది అంగుళాలకు పద్దెనిమిది అడుగులు.

ఈ పన్నెండు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మనిషి, కుర్చీ కలిపి 90 కిలోలు అనుకోండి. వాలు మీద ఆ బరువులో కొంత భాగం కిందికి లాగుతుంది. పన్నెండుకు ఒకటి వాలులో ఆ లాగుడు బరువులో పన్నెండో వంతు, అంటే ఏడున్నర కిలోలు. చేతుల్లో బలమున్న మనిషి తనంతట తాను తోసుకోగలడు. వెనక నుంచి తోసేది అరవై ఏళ్ళ భార్య అయినా ఆమె వల్ల అవుతుంది. వాలు ఆరుకు ఒకటి అయితే లాగుడు పదిహేను కిలోలు. నాలుగుకు ఒకటి అయితే దాదాపు ఇరవై రెండు కిలోలు. అంత నిటారు వాలులో కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం కూడా ఉంది.

ఆ నాలుగుకు ఒకటి వాలును మన కాలనీల్లో ఏ వీధిలోనైనా చూడొచ్చు. గేటు ముందు అడుగు ఎత్తుకు నాలుగడుగుల సిమెంటు ర్యాంపు పోసి ఉంటుంది. అది కారు కోసం. కారుకు ఇంజను ఉంది కాబట్టి సరిపోతుంది. కారు ఇంట్లోకి రావడానికి ర్యాంపు కావాలని మనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కారులో వచ్చిన అమ్మ ఇంట్లోకి రావడానికి కూడా కావాలన్న ఆలోచన అంతే సహజంగా రావాలి.

మరి పద్దెనిమిది అడుగులు ఎక్కడ దొరుకుతాయి? రెండు వందల గజాల ప్లాటు సాధారణంగా ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉంటుంది. ముందు వదిలే ఐదారు అడుగుల్లో ఆ ర్యాంపు పట్టదు. పక్కన ప్రహరీ వెంబడి పడుతుంది. గేటు దగ్గర మొదలై గోడ వెంట వాలుగా లేచి, ఇంటి పక్కనున్న వరండా అరుగుకు చేరాలి. అక్కడ కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును జాగా, దాని పక్కన తలుపు. ప్లాను గీసేటప్పుడు ఆ పక్క మూడున్నర అడుగులు వదిలి, తలుపు అటు పెడితే చాలు. ఇల్లయిపోయాక అడిగితే కిటికీ పగలగొట్టాలి, సంపు జరపాలి, సెప్టిక్ ట్యాంకు మూత అడ్డం వస్తుంది. నీటికి భయపడి ఇల్లు ఎత్తు లేపుకోవాల్సిందే. ఆ ఎత్తుకు తగిన పొడవు కూడా ఆ రోజే వదలాలి.

మెట్లు ఎక్కగలిగినవాళ్ళ సంగతి కూడా ఉంది. బెర్లిన్‌లో పరిశోధకులు కృత్రిమ మోకాళ్ళలోనే కొలిచే పరికరాలు అమర్చి, రోజువారీ కదలికల్లో కీలు మీద పడే బలాన్ని లెక్కించారు. చదును నేల మీద నడిచేటప్పుడు శరీర బరువుకు రెండున్నర రెట్లకు పైన. మెట్లెక్కేటప్పుడు మూడు రెట్లకు పైన. దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. అరవై కిలోల మనిషి ఒక్కో మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద రెండు వందల కిలోలు పడుతున్నాయన్నమాట. పైకెక్కడం కష్టమని అందరూ అంటారు, కానీ కీళ్ళ మీద భారం దిగేటప్పుడే ఎక్కువ. అందుకే మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు దాటకూడదు, కాలు పెట్టే జాగా పన్నెండు అంగుళాలుండాలి, పట్టుకోవడానికి రెండు పక్కలా కమ్మీలుండాలి.

మెట్లన్నీ సమానంగా ఉండడం అంతకంటే ముఖ్యం. మొదటి రెండు మెట్లు ఎక్కేసరికి పాదం ఆ ఎత్తును నేర్చేసుకుంటుంది, ఇక కళ్ళు కిందికి చూడవు. మూడో మెట్టు అర అంగుళం తేడాగా ఉన్నా కాలు తడబడుతుంది. మన ఇళ్ళలో ఈ తేడా వచ్చేది చివర్లో. మేస్త్రీ మెట్లు సమానంగానే పోస్తాడు. తర్వాత వరండాలో గ్రానైటు పరుస్తారు, కింద పార్కింగ్ టైల్స్ వేస్తారు. మొదటి మెట్టు పొట్టిదవుతుంది, చివరిది పొడుగవుతుంది. ఫ్లోరింగ్ మందం ముందే లెక్కేసి మెట్లు పోయమని చెప్పడానికి పైసా ఖర్చుండదు.

టేపు పట్టి చూస్తే

మీ ఇంటి బాత్రూం తలుపు దగ్గర టేపు పట్టండి. దుకాణంలో దాన్ని రెండున్నర అడుగుల తలుపు అంటారు. ముప్పై అంగుళాలు. అది చట్రం బయటి కొలత. చట్రం చెక్క రెండు వైపులా రెండున్నర అంగుళాల చొప్పున తింటే మిగిలింది ఇరవై అయిదు. తలుపు తెరిచినప్పుడు దాని మందం ఇంకో అంగుళం ఆక్రమిస్తుంది. మనిషి దూరడానికి మిగిలింది ఇరవై నాలుగు. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై అయిదు, ఇరవై ఆరు అంగుళాలు. చక్రాలు తిప్పే చేతులకు ఇరుపక్కలా ఇంకొంచెం కావాలి. అంటే అంగుళం, రెండంగుళాల తేడా వల్ల ఒక మనిషి స్నానానికి ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుంది.

భవన నిర్మాణ స్మృతి అడిగేది చట్రం లోపల 900 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే దాదాపు మూడడుగులు. ముఖద్వారానికి మనం ఎలాగూ అంతకు పైనే పెడతాం. పడకగది, బాత్రూం తలుపుల దగ్గరే పొదుపు చేస్తాం.

తలుపుతో పాటు గడప. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, పండగనాడు మామిడాకులు కట్టే చోటును తీసేయమని ఎవరూ అనరు. గడప చెక్కను నేలలోకి దింపి, పైభాగం ఫ్లోరింగ్‌తో సమానంగా ఉండేలా బిగించవచ్చు. పసుపు రాయడానికి చెక్క ఉంటుంది, కాలికి తగలదు. మనం నడిచేటప్పుడు ముందుకు కదిలే పాదం బొటనవేలు నేలకు ఒకటి, రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే పోతుంది. వయసుతో అడుగు మీద పట్టు తగ్గి, ఆ ఎత్తు ఒక్కో అడుగుకూ ఒక్కోలా మారుతుంది. కాబట్టి ఎత్తయిన గడపే కాదు, కనీకనిపించని చిన్న అంచు కూడా మనిషిని పడేయగలదు. గదికీ బాత్రూంకీ మధ్య ఉండేది సరిగ్గా అలాంటి అంచే. స్లాబు పోసేటప్పుడు బాత్రూం భాగాన్ని కిందికి దింపి పోసే పద్ధతి మన మేస్త్రీలందరికీ తెలుసు. ఆ దింపుడు ఇంకొంచెం ఎక్కువ ఇస్తే, బాత్రూం నేల గదితో సమంగా మొదలై లోపలి జాలీ వైపు వాలుతుంది. నీళ్ళు బయటికి రావు, దిగుడూ ఉండదు.

నీటి పొర మీద పాదం

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఇంట్లో పడే చోటు అనగానే అందరికీ గుర్తొచ్చేది బాత్రూం.

మెరిసే టైలు పొడిగా ఉన్నప్పుడు జారదు. తడిసినప్పుడు పాదానికీ టైలుకీ మధ్య సన్నని నీటి పొర నిలుస్తుంది. మడమ నేలను తాకే ఆ క్షణంలో నీరు పక్కకు తప్పుకోలేకపోతే పాదం నేల మీద కాక నీటి మీద ఉంటుంది. సబ్బు కలిస్తే ఇంకా జారుతుంది. గరుకు నేలలో ఉండే సూక్ష్మమైన మొనలు ఆ పొరను చీల్చుకుని పాదాన్ని పట్టుకుంటాయి. పాత ఇళ్ళలో పరిచిన పాలిష్ లేని తాండూరు బండ, షాబాదు బండ ఈ పని బాగా చేసేవి. ఇప్పుడు టైల్స్ కొనేటప్పుడు ఆర్10, ఆర్11 అనే గుర్తులు అడగండి. ఆర్ పక్కన అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. దుకాణంలోనే టైలు మీద సబ్బునీళ్ళు పోసి మడమతో రుద్ది చూస్తే ఇంకా మంచిది.

తర్వాతిది కమోడు ఎత్తు. కుర్చీలోంచి లేవడం మీద వచ్చిన పరిశోధనలను 2002లో ఒక సమీక్ష పోల్చి చూసింది. ఆసనం ఎత్తు పెరిగితే మోకాలి కీలు మీద భారం 60 శాతం దాకా తగ్గుతుందని తేలింది. చేతులు ఆనించి లేస్తే తుంటి మీద భారం సగం దాకా తగ్గొచ్చు. మన ఇళ్ళలో కమోడు అంచు పదిహేను, పదహారు అంగుళాల ఎత్తులో ఉంటుంది. పద్దెనిమిది, పందొమ్మిది ఉంటే మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు తమంతట తాము లేవగలరు. గోడకు బిగించే కమోడయితే కావలసిన ఎత్తులోనే బిగించుకోవచ్చు.

పక్కన పట్టుకోవడానికి కమ్మీ కావాలి. సీటుకు జానెడు ఎత్తులో, గోడకు రెండంగుళాల ఎడంగా, గుప్పిట్లో ఇమిడే లావులో ఉండాలి. మనిషి తూలినప్పుడు మొత్తం బరువు దాని మీదే పడుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలోనో, తేలికపాటి బ్లాకుల గోడలోనో చిన్న స్క్రూలతో బిగిస్తే ఊడి చేతికొస్తుంది. ఊడే కమ్మీ కమ్మీ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే మనిషి దాన్ని నమ్మి బరువు వేస్తాడు. గోడ కట్టేటప్పుడే ఆ ఎత్తులో కాంక్రీటు పట్టీ పోయించుకుంటే, కమ్మీ ఎప్పుడు కావాలన్నా బిగించుకోవచ్చు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ నెట్టలేరు. స్నానానికి బకెట్టు ఎత్తి పోసుకోలేనివాళ్ళ కోసం ఒక స్టూలు, చేత్తో పట్టుకునే షవరు చాలు.

ఇక మెట్ల కింది బాత్రూం. కింది అంతస్తులో చుట్టాల కోసమని మెట్ల కింద మిగిలిన జాగాలో దాన్ని ఇరికిస్తాం. కాళ్ళు సాగని పెద్దవాళ్ళు చివరికి పడక వేసుకునేది కింది అంతస్తులోనే. కుర్చీ తిరగడానికి ఐదడుగుల జాగా ఉండే బాత్రూం ఇంట్లో ఒక్కటే కట్టగలిగితే అది కిందే ఉండాలి.

వెలుగు

కంటి కటకం వయసుతో పసుపెక్కుతుంది, కనుపాప చిన్నదవుతుంది. ఇరవై ఏళ్ళ కంట్లో రెటీనాకు చేరే వెలుగులో అరవై ఏళ్ళ కంటికి చేరేది దాదాపు మూడో వంతే. కొడుకుకు సరిపోయే బల్బు తండ్రికి చీకటి. పడక నుంచి బాత్రూం దాకా చీలమండ ఎత్తులో చిన్న దీపాలు, వరండా మెట్ల అంచుకు ముదురు రంగు పట్టీ, తెల్ల గోడ మీద ముదురు రంగు కమ్మీ, తెల్ల కమోడు వెనక రంగు టైలు: ఇవి చూపు తగ్గినవాళ్ళకు వస్తువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతాయి. స్విచ్చులు మూడు నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటే నిలబడ్డవారికీ, కుర్చీలో ఉన్నవారికీ, పిల్లలకూ అందుతాయి. గుండ్రని నాబు బదులు కిందికి నొక్కే పిడి పెడితే, వేళ్ళు వంగని వాళ్ళు మోచేత్తోనైనా తెరవగలరు. బెల్లుతో పాటు ఒక దీపం వెలిగితే వినిపించని వాళ్ళకు తలుపు దగ్గర ఎవరో వచ్చారని తెలుస్తుంది.

చట్టం ఎంతదాకా వచ్చింది

ఈ ఆలోచనలకు శాస్త్రరూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు రాన్ మేస్. అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన ఆర్కిటెక్టు. తొమ్మిదో ఏట పోలియో వచ్చింది. చదువుకునే రోజుల్లో భవనాల మెట్లు ఎక్కడానికీ దిగడానికీ ఆయన్ను మోసుకెళ్ళాల్సి వచ్చేది. వికలాంగులకు వేరే కట్టడం కాదు, మొదటి నుంచే అందరికీ పనికొచ్చేలా కట్టాలని ఆయన వాదించాడు. 1997లో ఆయన బృందం దాన్ని ఏడు సూత్రాలుగా రాసింది. అట్లాంటాలో ఎలినార్ స్మిత్ 1987లో ఇంకో మాట లేవనెత్తింది. ఆమె కూడా పోలియో వల్ల చక్రాల కుర్చీ వాడేది. ప్రతి కొత్త ఇంటికీ మూడు చాలు అంది: మెట్టు లేని ఒక ప్రవేశం, కుర్చీ పట్టే తలుపులు, కింది అంతస్తులో వాడుకోగలిగే ఒక బాత్రూం. తన సొంత ఇంటి కోసమే కాదు, స్నేహితుల ఇంటికి పోగలగడం కోసం ఆమె ఇది అడిగింది.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచింది. దృష్టిలోపం ఉన్న రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కీలకమైన తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేయడం చెల్లదని, తప్పక పాటించాల్సిన నియమాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసింది. దేశానికి దారి చూపిన పరిశోధన ఈ నగరపు అంచునే జరిగింది.

అయితే ఈ చట్టపు బలమంతా ఆఫీసులు, ఆసుపత్రులు, స్టేషన్లు, బడుల మీదే. సొంత ఇంట్లో తలుపు ఎంత వెడల్పుండాలో మన మీదే వదిలేసింది. జపాన్‌లో 2000లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమా, ఇంట్లో కమ్మీలు పెట్టుకోవడానికీ మెట్లు తీసేయడానికీ 2 లక్షల యెన్ల దాకా పనికి డబ్బిస్తుంది. సింగపూర్ 2012 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలోని పెద్దవాళ్ళకు సబ్సిడీతో కమ్మీలు, జారని నేల వేయిస్తోంది. మన దగ్గర ప్రభుత్వం డబ్బిచ్చి కట్టించే ఇళ్ళ నుంచే ఇది మొదలుపెట్టవచ్చు. ఆ ఇళ్ళ నమూనాలోనే ఒక మూడడుగుల తలుపు, ఒక ర్యాంపు జాగా, ఒక కాంక్రీటు పట్టీ చేర్చాలి.

డెవలప్‌మెంట్‌కు ఇచ్చే ముందు

అపార్టుమెంటుకు పోతే ఈ బాధ తీరుతుందని చాలామంది అనుకుంటారు. లిఫ్టు ఉంటుందిగా అంటారు. ఆ లిఫ్టు దగ్గరికి పోవడానికి పార్కింగ్‌లో రెండు మూడు మెట్లుంటాయి, వాననీరు లిఫ్టు గుంతలోకి పోకుండా. పార్కింగ్‌లో ర్యాంపుకు కావలసినంత పొడవు ఉన్నా దాన్ని కారు నిలపడానికి కేటాయిస్తారు. చిన్న అపార్టుమెంట్లలో పెట్టేది ఆరుగురి లిఫ్టు: లోపల 1,100, 1,000 మిల్లీమీటర్లు, తలుపు 700. కుర్చీ పట్టడమే కష్టం, తోసే మనిషికి చోటుండదు. ఎనిమిది మంది లిఫ్టులో తలుపు 800. పదమూడు మంది లిఫ్టయితే తలుపు 900, లోపల రెండు మీటర్ల వెడల్పు. కుర్చీతో పాటు తోసే మనిషి కూడా పడతాడు. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన మనిషిని నాలుగో అంతస్తు నుంచి కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకు దిగాల్సిన పని తప్పుతుంది. లిఫ్టు గుంత కొలత పునాదిలోనే తేలిపోతుంది. తర్వాత మార్చలేం.

బిల్డరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఫ్లాట్లు ఎన్ని, టైల్స్ ఏ కంపెనీవి, తలుపులు టేకువా కావా అని పేజీలకు పేజీలు రాస్తాం. వాటి పక్కన ఈ నాలుగు వాక్యాలు రాయించండి. రోడ్డు నుంచి లిఫ్టు దాకా మెట్టు లేని దారి ఉండాలి, వాలు పన్నెండుకు ఒకటి దాటకూడదు. ప్రతి ఫ్లాటులో అన్ని తలుపులకూ చట్రం లోపల మూడడుగుల ఖాళీ ఉండాలి. ఒక బాత్రూం ఐదడుగుల చదును జాగాతో, గదితో సమానమైన నేలతో, బయటికి తెరుచుకునే తలుపుతో ఉండాలి. ఆ బాత్రూం గోడలో కమ్మీల కోసం కాంక్రీటు పట్టీ ముందే పోయాలి. వీటిలో ఒక్కటి కూడా ఇంటి అందాన్ని తగ్గించదు, గదుల సంఖ్యను తగ్గించదు. కాగితం మీద ఉన్నప్పుడు ఇవన్నీ పెన్సిలు గీతలే.

ఒక ఇల్లు ఇలా ఉంటే అది ఆ ఇంటివాళ్ళకు వసతి. వీధి మొత్తం ఇలా ఉంటే పేరంటానికి పిలిచిన పక్కింటి అవ్వ తనంతట తాను రాగలదు. కాలు విరిగిన పిల్లవాడు నేస్తం ఇంట్లో చదువుకోగలడు. చక్రాల కుర్చీలో ఉన్న అల్లుడు అత్తగారింటి పండక్కి ఎవరి చేతుల మీదా కాకుండా లోపలికి రాగలడు. ఉప్పల్‌లో, నాచారంలో ఈ ఏడాది కూల్చే ప్రతి పాత ఇంటి చోటా ఆ వీధిలో ఒక భాగం కొత్తగా మొదలవుతుంది. ప్లాను మున్సిపాలిటీకి పోకముందే ఆ కొలతలు అందులో ఉండేలా చూసుకోవడం ఇంటివాళ్ళ చేతిలోనే ఉంది.